తుఫాను టైమ్‌కి ఆయన ఇంట్లో ఉండరు: డిఫెన్స్ ఫ్యామిలీలు ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు

విశాఖలో నేవీ క్వార్టర్స్‌లో ఉండే ఆడవాళ్ళకి ఇది కొత్త కాదు గానీ బయటివాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు. తుఫాను వస్తోందని టీవీలో చెప్పగానే ఊళ్ళో మగవాళ్ళంతా ఇళ్ళకి చేరుకుంటారు, మన ఇళ్ళల్లో మాత్రం ఆయన బ్యాగ్ సర్దుకుని బయల్దేరతారు. షిప్పుల్ని జెట్టీకి కట్టి ఉంచితే ఆ గాలికి గోడకి కొట్టుకుని దెబ్బతింటాయి కాబట్టి ముందే సముద్రంలోకి, తుఫాను దారికి దూరంగా తీసుకెళ్ళిపోతారు, షిప్‌లో లేనివాళ్ళకి వెంటనే డ్యూటీకి రమ్మని బేస్ నుంచి రీకాల్ ఉంటుంది, గాలి తగ్గాక పడిపోయిన చెట్లు కొయ్యడానికీ రిలీఫ్ సామాన్లు మొయ్యడానికీ మళ్ళీ వాళ్ళే. ఆర్మీ వాళ్ళయితే అసలు ఊళ్ళోనే ఉండరు, ఆయన కశ్మీర్‌లోనో అరుణాచల్‌లోనో ఉంటే మీరు పిల్లల్తో ఎస్ఎఫ్ క్వార్టర్స్ (ఆయన దూరంగా ఉన్నప్పుడు ఫ్యామిలీకి ఇచ్చేవి)లోనో అత్తారింట్లోనో ఉంటారు. అందుకే నన్ను ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే, ఎమర్జెన్సీ ప్లాన్ రాసుకునేటప్పుడు ఆ కాగితంలో మీ ఆయన చెయ్యాల్సిన పని అని ఒక్కటి కూడా పెట్టకండి. ఆయన ఉంటే సంతోషం, లేకపోయినా ఇల్లు నడిచిపోవాలి.

నేను విశాఖ నుంచి రాస్తున్నా కాబట్టి తుఫాను గురించి ఎక్కువ ఉంటుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉన్నా, జమ్ము, పఠాన్‌కోట్ పోస్టింగ్‌లో ఉన్నా మీకు కావాల్సింది కూడా ఇందులో ఉంది.

ముందు ఓటీపీల సంగతి చూడండి

నీళ్ళు, టార్చిలైట్లు అందరూ గుర్తుపెట్టుకుంటారు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన ఇళ్ళల్లో గ్యాస్ కనెక్షన్ ఆయన పేరు మీద, నంబర్ ఆయనది, బ్యాంక్ అకౌంట్‌కి లింక్ అయిన నంబర్ ఆయనది, పిల్లల ఆధార్‌కి ఇచ్చింది కూడా ఆయన నంబరే. ఆయన సెయిలింగ్‌కి వెళ్ళాక ఆ ఫోన్ స్విచాఫ్. సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి కోడ్ చెప్పమ్మా అంటాడు, ఆ కోడ్ ఏమో బంగాళాఖాతం మధ్యలో ఎక్కడో లాకర్‌లో ఉన్న ఫోన్‌కి వెళ్తుంది. మామూలు రోజుల్లో ఇది విసుగు, తుఫాను తర్వాత రోజు ఇదే పెద్ద ఇబ్బంది.

ఆయన ఇంట్లో ఉన్నప్పుడే ఒక శనివారం కూర్చుని మీ నంబర్‌కి మార్పించుకోవాల్సినవి మార్పించేసుకోండి. గ్యాస్ ఏజెన్సీలో మీ నంబర్ ఇవ్వండి. బ్యాంక్‌లో జీతం పడే అకౌంట్‌ని జాయింట్ చేసి 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని, అంటే ఇద్దరిలో ఎవరైనా విడిగా నడపగలిగేట్టు పెట్టించుకోండి, లేదంటే మీ పేరు మీద విడిగా ఒక అకౌంట్ తెరిచి ప్రతి నెలా ఇంటి ఖర్చు దాంట్లో పడేట్టు చేసుకోండి. మీ ఆధార్‌కీ పిల్లల ఆధార్‌కీ మీ నంబర్ లింక్ చేయించండి, అప్పుడే డిజిలాకర్ మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఆయన నెలల తరబడి బయట ఉండే షిప్ అయితే, ఇల్లో స్థలమో కొనే ఆలోచన ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కూడా చేయించుకోండి, అన్నింటికీ జనరల్ ఇవ్వక్కర్లేదు, ఆ ఒక్క పనికి స్పెషల్ ఇస్తే చాలు, రిజిస్టర్ చేయించడం మాత్రం మానకండి.

కాగితాల్లో పేరు ఒకేలా ఉందా

మన తెలుగువాళ్ళకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటుంది, పెళ్ళయ్యాక పాన్ కార్డు తీసుకుంటే అత్తింటి పేరు, ఆయన సర్వీస్ డాక్యుమెంట్లలో క్లర్కు భాయ్ ఏమో ఇంటిపేరు చివరికి తెచ్చి ఉత్తరాది పద్ధతిలో ఎక్కించి ఉంటాడు. నాలుగు కాగితాల్లో నలుగురు ఆడవాళ్ళు. ఆయన సర్వీసులో ఉండగా ఇది పెద్దగా కనపడదు, ఆయనకి ఏదైనా జరిగిన రోజున పెన్షన్‌కీ ఇన్సూరెన్స్‌కీ ఇదే అడ్డం పడుతుంది. ఈ విషయం రాయాలంటే మనసొప్పదు గానీ రాయక తప్పదు. పెన్షన్లన్నీ ఇప్పుడు రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్ పోర్టల్‌లో నడుస్తున్నాయి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగిపోతుంది.

కాబట్టి పెళ్ళి, పిల్లల పుట్టుక రికార్డులో ఎక్కాయా లేదా అడగండి. ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్ అంటారు, నేవీలో సెయిలర్లకి జెన్‌ఫార్మ్ అంటారు, ఆ కాపీ ఒకటి ఇంట్లో ఉండాలి. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో, ప్రావిడెంట్ ఫండ్‌లో, బ్యాంక్‌లో నామినీ ఎవరో చూడండి, పెళ్ళికి ముందు పెట్టిన అమ్మగారి పేరే ఇంకా ఉండిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి, అత్తయ్యగారి మీద గౌరవం ఉంచుకుంటూనే అది సరిచేయించుకోవచ్చు. అడిగితే ఆయన ఏమనుకుంటారో అని ఊరుకోకండి, పిల్లల కోసం అడుగుతున్నారు మీరు.

ఇవన్నీ ఒక ఫైల్‌లో, ఆ ఫైల్ గట్టి జిప్ కవర్‌లో, ఆ కవర్ ఒక భుజం బ్యాగ్‌లో పెట్టండి. డిపెండెంట్ కార్డులు, క్యాంటీన్ కార్డు, క్వార్టర్ అలాట్‌మెంట్ లెటర్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, వ్యాక్సిన్ కార్డులు, ఇన్సూరెన్స్ పేపర్లు అన్నీ అందులోనే. డిపెండెంట్ కార్డు లేకపోతే గేటు దగ్గరే ఆగిపోవాలి, గందరగోళంలో సెంట్రీకి మీ మొహం గుర్తుండదు, పాపం అతని డ్యూటీ అతనిది. జిరాక్స్ సెట్ ఒకటి ఊళ్ళో అన్నయ్య దగ్గరో వదిన దగ్గరో ఉంచండి.

తుఫాను: హుద్‌హుద్ నేర్పినవి

2014 అక్టోబర్ 12, ఆదివారం. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది, విశాఖ ఊరి మీదుగానే తీరం దాటింది. ఎయిర్‌పోర్ట్ కప్పు ఎగిరిపోయింది, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద పచ్చదనం పోయి కాలినట్టు కనపడింది. కానీ అసలు కష్టం ఆ రోజుది కాదు, ఆ తర్వాత వారందే. చాలా ఏరియాలకి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల లైన్లు, పాల ప్యాకెట్ రేటు ఎవడిష్టం వాడిది. అందుకే మూడు రోజుల సామాను సరిపోతుంది అని ఎక్కడైనా చదివితే మీరు దాన్ని వారం అని చదువుకోండి.

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు లెక్కేసుకోండి, నలుగురికి వారానికి నూట పది లీటర్ల పైన వస్తుంది, కొత్త డ్రమ్ము కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న బిందెలు, స్టీలు క్యాన్లు, కడిగిన కూల్‌డ్రింక్ బాటిళ్ళు చాలు. తీరం దాటకముందే జాగ్రత్త కోసం కరెంటు తీసేస్తారు, అంటే మోటార్ ఆడదు, కాబట్టి ముందు రోజు సాయంత్రానికే పైన ట్యాంకు నిండాలి. ఇంకో సంగతి, ఖాళీ సింటెక్స్ ట్యాంకు గాలికి లేచి పక్క బిల్డింగ్ మీద పడుతుంది, నిండుగా ఉన్నది కదలదు. సొంతిల్లు ఉన్నవాళ్ళు ఇది అస్సలు మర్చిపోకండి.

డబ్బు విషయం. 2014లో యూపీఐ లేదు, జేబులో ఎంతో కొంత నోట్లు ఉండేవి. ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా ఫోన్ తీస్తున్నాం. నెట్‌వర్క్ పోతే చేతిలో రూపాయి లేనట్టే. ఇంట్లో ఒక డబ్బాలో 50, 100 నోట్లే ఒక వారం ఖర్చుకి సరిపడా ఉంచండి, 500 నోటు ఇస్తే ఆ టైమ్‌లో చిల్లర ఇచ్చేవాడు ఉండడు. బండిలో పెట్రోల్ కూడా అంతే, అక్టోబర్, నవంబర్ నెలల్లో సగం కంటే కిందకి దిగనివ్వకండి.

వాతావరణ శాఖ వాళ్ళ మాటలు అర్థం చేసుకోవడం తేలికే. సైక్లోన్ అలర్ట్ అంటే తీరం మీద దాని ప్రభావం మొదలవ్వడానికి కనీసం 48 గంటల ముందు ఇచ్చేది, సైక్లోన్ వార్నింగ్ అంటే 24 గంటల ముందు. అలర్ట్ వచ్చిన రోజే కొనాల్సినవి కొనెయ్యండి, మందులు, పాలపొడి, అటుకులు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. వార్నింగ్ వచ్చిన రోజు బయటికి వెళ్ళే పని ఉండకూడదు, ఆ రోజు ఇంటి పని. బాల్కనీలో తులసికోటతో సహా కుండీలన్నీ లోపలికి, బట్టల స్టాండు లోపలికి, డిష్ యాంటెన్నా విప్పగలిగితే విప్పండి. బండి చెట్టు కింద పెట్టొద్దు. పోర్ట్ సిగ్నల్ నంబర్లు టీవీలో చెప్తూ కంగారు పెడతారు, అవి షిప్పుల కోసం, మనం చూడాల్సింది జిల్లాకి ఇచ్చిన రంగు, ఆరెంజ్, రెడ్. ఫోన్‌లో ప్రభుత్వ హెచ్చరికలు వచ్చే సచేత్ యాప్ పెట్టుకోండి, ఏపీ కంట్రోల్ రూమ్ 1070, ఎమర్జెన్సీ 112, అంబులెన్స్ 108.

గాలి మొదలయ్యాక కిటికీల్లేని చోటుకి వెళ్ళిపోండి. మన క్వార్టర్స్‌లో రెండు బెడ్‌రూముల మధ్య నడవ, బాత్‌రూమ్ ముందు జాగా, అదే సేఫ్. అద్దాలకి ప్లాస్టర్ అతికిస్తే పగలవని ఒక నమ్మకం ఉంది, పగులుతాయి, పరుపు ఒకటి లేపి కిటికీకి అడ్డం పెట్టి వెనక బీరువాయో సోఫాయో జరపండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్, ఫ్రిజ్ ప్లగ్ తీసెయ్యండి. ఇక్కడ ఒక్క విషయం బాగా మనసులో పెట్టుకోండి. తుఫాను కన్ను మన మీదుగా వెళ్తే మధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆకు కదలదు, వెలుతురు కూడా వస్తుంది. అయిపోయిందనుకుని జనం రోడ్డు మీదకి వచ్చేస్తారు, కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది, అప్పటిదాకా ఊగి ఊగి వేళ్ళు వదులైన చెట్లు రెండో గాలికి పడతాయి. అధికారికంగా చెప్పేదాకా తలుపు తియ్యొద్దు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

మందుల గురించి ఒక మాట, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే ఫ్రిజ్ లేని వారానికి మట్టి కుండ సిద్ధం చేసుకోండి, చిన్న కుండలో ఇన్సులిన్ పెట్టి దాన్ని తడి ఇసక పోసిన పెద్ద కుండలో దించి నీడలో ఉంచితే చల్లగా ఉంటుంది. నేవీ వాళ్ళ కళ్యాణి ఆసుపత్రిలో నెల మందులు తీసుకునేవాళ్ళు తుఫానుల సీజన్‌లో ఆఖరి మాత్ర దాకా ఆగకండి.

తుఫాను తగ్గాక మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేరే నెట్‌వర్క్ మాన్యువల్‌గా సెలెక్ట్ చేసి చూడండి, ఈమధ్య తుఫాన్లప్పుడు ఏ కంపెనీ టవర్ బతికుంటే దానికి అందరి ఫోన్లూ కలిసేలా ప్రభుత్వం పర్మిషన్ ఇస్తోంది. కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుంది.

ఒక్క మనిషికి చెప్తే చాలు

మీరు ఆయనకి, ఆయన మీకు, అత్తయ్యగారు ఇద్దరికీ, మీ తమ్ముడు అందరికీ ఫోన్ చేస్తూ ఉంటే ఎవరికీ కలవదు. తుఫాను తగలని ఊళ్ళో, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఒక్కరిని పెట్టుకోండి. మేం క్షేమం, క్వార్టర్‌లోనే ఉన్నాం అని వాళ్ళకి ఒక్క మెసేజ్, ఆయనకి అవకాశం దొరికినప్పుడు ఆయన కూడా వాళ్ళకే చేస్తారు. ఆ నంబర్ ఫోన్‌లో ఉంటే సరిపోదు, కాగితం మీద రాసి ఉండాలి, పిల్లలకి నోటికి రావాలి.

ఆ కాగితం మీదే ఆయన యూనిట్ ల్యాండ్‌లైన్, డివిజనల్ ఆఫీసర్ లేదా కంపెనీ సుబేదార్ సాబ్ నంబర్, క్వార్టర్స్ రిపేర్లు చూసే ఎంఈఎస్ కంప్లైంట్ నంబర్, పక్క బ్లాక్‌లో నమ్మకమైన భాభీ నంబర్ రాయండి. పంజాబ్ నుంచో కేరళ నుంచో కొత్తగా వచ్చిన ఆవిడ పక్క క్వార్టర్‌లో ఉంటే మైకులో తెలుగులో చెప్పేది ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు, మీరే తలుపు తట్టి చెప్పాలి. రేపు మీరు పఠాన్‌కోట్ వెళ్తే మీకు చెప్పేది అలాంటి ఇంకో ఆవిడే. కడుపుతో ఉన్నవాళ్ళు, పసిబిడ్డలున్నవాళ్ళు ఏ బ్లాక్‌లో ఉన్నారో ముందే తెలుసుకుని ఉంటే చాలా మేలు, నేవీ ఫ్యామిలీల సంఘం ఎన్‌డబ్ల్యూడబ్ల్యూఏ మీటింగ్‌లో ఈ లిస్టు రాసుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

గ్యాస్ లీకైతే, భూమి ఊగితే

విశాఖలో క్వార్టర్స్ పక్కనే ఫ్యాక్టరీలున్నాయి, కళ్ళు మూసుకుంటే లాభం లేదు. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలినప్పుడు మల్కాపురం చుట్టుపక్కల జనం కట్టుబట్టలతో పరిగెత్తారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి నిద్రలో ఉన్నవాళ్ళ మీదకి వచ్చింది. ఘాటు వాసన వస్తే మొదట గాలి ఎటు వీస్తోందో చూడండి, జెండానో పొగనో చూస్తే తెలిసిపోతుంది. గాలి వెళ్ళే వైపు పరిగెత్తకండి, అది మీ వెంటే వస్తుంది, గాలికి అడ్డంగా పక్కకి వెళ్ళండి. ముక్కుకీ నోటికీ తడి గుడ్డ. బయటికి వెళ్ళే వీలు లేకపోతే కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, తలుపు సందులో తడి తువాలు కుక్కండి. స్విచ్ వెయ్యడం, అగ్గిపుల్ల గీయడం వద్దు. వంటగ్యాస్ లీకేజీకి 1906.

సునామీకి ఒక్క రూలే. 2004 డిసెంబర్ 26న కార్ నికోబార్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో వందమందికి పైగా సిబ్బంది, వాళ్ళ ఇళ్ళవాళ్ళు పోయారు, అది ఆదివారం పొద్దున, చాలామంది ఇళ్ళల్లోనే ఉన్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు నిమిషాల్లో హెచ్చరిక ఇస్తారు. కానీ మీరు అండమాన్ పోస్టింగ్‌లో ఉంటే దానికోసం ఆగొద్దు, నిలబడలేనంతగా భూమి ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, పిల్లల్ని పట్టుకుని ఎత్తు మీదకి నడిచెయ్యండి.

సైరన్, బ్లాకౌట్

1971 యుద్ధంలో విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగినప్పటి బ్లాకౌట్ల గురించి పెద్దవాళ్ళు చెప్తే కథలా విన్నాం. 2025 మే 7న విశాఖలో, హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్ మోగింది, అదే వారంలో జమ్ము, పఠాన్‌కోట్‌లో నిజంగానే లైట్లు ఆర్పుకుని కూర్చున్నారు మనవాళ్ళు. హెచ్చుతూ తగ్గుతూ మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో ఆపకుండా మోగితే గండం తప్పినట్టు. పిల్లలకి ఈ తేడా నోటితో కూసి చూపించండి, ఆటలాగా నేర్చేసుకుంటారు.

కర్టెన్లు వేశాం కదా అనుకుంటారు, బాత్‌రూమ్ వెంటిలేటర్ మర్చిపోతారు, రాత్రిపూట దూరం నుంచి కనపడేది అదే. కాలనీకి మెయిన్ ఆపేశాక ఇన్వర్టర్ దానంతట అదే ఆన్ అయ్యి లైట్లు వెలుగుతాయి, కాబట్టి దాన్ని విడిగా ఆపాలి. బాల్కనీలో మనిషి కదిలితే వెలిగే సోలార్ లైటుంటే తీసి లోపల పెట్టండి. కిటికీలకి ముదురు రంగు దుప్పట్లు, వాటిని తగిలించడానికి మేకులు పగలే కొట్టి ఉంచుకోండి. పై అంతస్తుల వాళ్ళు కింద మెట్ల దగ్గరికి దిగిపోవాలి, ఫోన్ పట్టుకుని డాబా ఎక్కడం కాదు.

వాట్సాప్‌లో నోరు జాగ్రత్త

ఇది చిన్న విషయం కాదు. షిప్ ఎప్పుడు బయల్దేరింది, బెటాలియన్ ఎటు కదిలింది, ఇవి అమ్మకి కూడా మెసేజ్‌లో పెట్టకండి. 2019 డిసెంబర్‌లో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పాకిస్తాన్‌కి సమాచారం పంపారంటూ ఏపీ పోలీసులు నేవీ వాళ్ళనే అరెస్ట్ చేసిన కేసు మన ఊళ్ళోనే తేలింది, ఆ తర్వాతే షిప్పుల్లో, బేసుల్లో స్మార్ట్‌ఫోన్లు ఆపేశారు. మంచి మనసుతో పెట్టిన 'మా ఆయన షిప్ ఈ రాత్రే బయల్దేరింది, అందరూ ప్రార్థించండి' అన్న స్టేటస్ కూడా శత్రువుకి సమాచారమే. బయల్దేరే ముందే ఇంట్లో వాడే మామూలు మాట ఒకటి గుర్తుగా పెట్టుకోండి, క్షేమం అని చెప్పడానికి అది చాలు. పిల్లల బ్యాగ్‌లో పెట్టే చీటీలో కూడా మీ నంబర్, బ్లడ్ గ్రూప్ రాయండి, నాన్న సర్వీస్ నంబర్, యూనిట్ పేరు రాయకండి. యూనిట్ గురించి ఫోన్ చేసి వివరాలు అడిగేవాళ్ళకి, ఎంత మర్యాదగా మాట్లాడినా, నాకు తెలియదండీ అని పెట్టెయ్యండి.

పిల్లలకి మాత్రం దాచకండి. నాన్న షిప్ మునిగిపోతుందా అని మా చిన్నది అడిగితే, నాన్న వాళ్ళు తుఫాను లేని వైపుకి వెళ్తారమ్మా, అక్కడ నీళ్ళు లోతుగా ఉంటాయి, షిప్‌కి అదే మంచిది అని చెప్పాను, నిద్రపోయింది. నిజం వాళ్ళ వయసుకి తగ్గట్టు చెప్తే వింటారు.

ఊళ్ళో పెద్దవాళ్ళు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎంతమంది ఫౌజుకి వెళ్ళారో మనకి తెలుసు. 2018 అక్టోబర్ 11న తిత్లీ ఉద్దానం మీద పడి కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకి ఒరిగిపోయినప్పుడు, ఎక్కడో మంచులో ఉన్న కొడుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా అమ్మానాన్నల ఫోన్ పలకలేదు. అందుకని ఇది ఫౌజులో ఉన్న అన్నయ్యలకి కూడా చెప్తున్నా. ఈసారి లీవ్‌లో వచ్చినప్పుడు ఊళ్ళో తుఫాను షెల్టర్ ఎక్కడుందో నాన్నతో కలిసి వెళ్ళి చూడండి, వీఆర్వో నంబర్, సచివాలయం నంబర్, ఊళ్ళో మోటార్‌సైకిల్ ఉన్న ఒక కుర్రాడి నంబర్ తీసుకోండి, పెంకుటిల్లయితే అలర్ట్ రాగానే అమ్మావాళ్ళని పక్కా ఇంట్లోకి మార్చే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి మాట్లాడుకుని రండి.

ఇంటికి నష్టం జరిగితే, ఎవరికైనా ప్రాణం మీదకి వస్తే లీవ్ కోసం ఇంటినుంచి యూనిట్‌కి సమాచారం వెళ్ళాలి. ఒక్క ఫోన్ కాల్‌తో ఆగకుండా తహసీల్దార్ ఆఫీసు నుంచో పోలీస్ స్టేషన్ నుంచో ఒక లెటర్, ఆసుపత్రి అయితే డాక్టర్ రాసిన కాగితం తీసుకుని ఫోటో పంపించండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు కూడా ఇందులో సాయం చేస్తారు. పడిపోయిన గోడ, మునిగిన సామాను, విరిగిన చెట్లు, వీటిని శుభ్రం చెయ్యకముందే ఫోటోలు తీసి ఉంచండి, నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్ళు వారం తర్వాత వస్తారు, అప్పటికి మీరు ఇల్లంతా కడిగేసి ఉంటారు.